సాల్మన్ ముఠాని ఇంగ్లీషులో ఏమనాలి

నాకు ఇంగ్లీషు టీచర్లంటే మొదట్నుంచీ కొంచెం కడుపుమంట. దాచుకోవడం ఎందుకు? ఇన్నేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. నా క్లాసులో ఆవలించే పిల్లలే పక్కగదిలో ఇంగ్లీషు పీరియడ్ రాగానే నిటారుగా కూర్చుంటారు. అందుకే సత్తెనపల్లి దగ్గర ఈ హైస్కూలుకి బదిలీ మీద వచ్చిన మొదటి వారంలో, గోడకి అవతల దేవకుమారి గొంతు ఖంగుమంటూ వినిపిస్తుంటే, నా ప్రాణానికి ఈవిడొకతె దాపురించిందిరా దేవుడా అనుకున్నాను.

అయినా వినకుండా ఉండలేకపోయేదాన్ని. మా రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ఆమె పాఠమంతా నా పాఠంలోకి వచ్చి పడేది. గుంపుల్ని చెప్పే మాటలని ఇంగ్లీషులో ఒక పాఠం ఉంటుంది. గొర్రెలకి ఒక మాట, తేనెటీగలకి ఒక మాట, ఓడలకి ఒక మాట. పిల్లలు బట్టీ పడతారు, పరీక్ష కాగానే మరిచిపోతారు. ఓడని మా పిల్లల్లో చూసిందెవరు గనక? దేవకుమారి ఆ పుస్తకం మూయించి, తన లెక్కలో చెప్పేది. హీప్ అంటే కళ్ళంలో పోసిన మిరపకాయల రాసి, ఎవరూ పేర్చలేదు, పోశారు అంతే. పైల్ అంటే కోల్డ్ స్టోరేజీలో ఒకదాని మీద ఒకటి పేర్చిన టిక్కీలు, అదే మిరప బస్తాలు. బండిల్ అంటే తాడేసి బిగించిన పత్తికట్టెలు. సెట్ అంటే ఒకటి పోతే మిగతావి వెలవెలబోయేవి. గ్రూపు అంటే ఎవరు వచ్చి నిలబడ్డా గ్రూపే. టీమ్ అంటే అలా కాదు, అందులో ఒక్కొక్కరికీ ఒక చోటుంటుంది, ఒకరు రాకపోతే ఆ చోట్లోకి ఇంకొకరు రావాలి.

ఇదంతా విని నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. నా పిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్ళు. మెల్లగా నా కడుపుమంట చల్లారింది. ఇద్దరం ఒకే క్యారేజీ మూతలో పచ్చడి పంచుకునేదాకా వచ్చాం.

ముప్పై అయిదేళ్ళుంటాయి ఆమెకి. సన్నగా, చామనఛాయగా, మోచేతుల దాకా జాకెట్టు. పెళ్ళి కాలేదు. స్కూలుకి రెండు ఊళ్ళ అవతల చర్చి వెనక పేటలో ఒక్కతే ఉంటుంది. మాట చురుకు, నడక చురుకు. ఒక్క చాదస్తం మాత్రం కనిపెట్టాను. మిరపకోతల కాలంలో ప్రార్థన గంట వేళకి మా స్కూలు ముందు నుంచి ట్రాక్టర్లు వెళతాయి. వెనక ట్రక్కుల నిండా ఆడవాళ్ళు, చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, ఘాటు తగలకుండా మొహాలకి గుడ్డలు చుట్టుకుని. ఆ చప్పుడు వినగానే దేవకుమారి రోడ్డుకి వీపు తిప్పి నిలబడేది. ట్రాక్టరు దాటి చాలాసేపయ్యాక గానీ ఇటు తిరిగేది కాదు. మొహం చూస్తే ఎవరో పిలిచినట్టు, పలకాలో వద్దో తెలియనట్టు ఉండేది.

ఒకరోజు గోడకి అవతల అదే పాఠం నడుస్తోంది. గుల్షన్ అని బుద్ధిమంతురాలు, ఎనిమిదో తరగతి పిల్ల, లేచి అడిగింది. వాళ్ళమ్మ ముఠాలో మిరపకోతకి వెళుతుందట, ముఠాని ఇంగ్లీషులో ఏమనాలని. దేవకుమారి గొంతు ఆగిపోయింది. పిల్లల గుసగుసలు మొదలయ్యాయి. నేను వెళ్ళి చూద్దును కదా, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది, పెదాలు తెల్లబడ్డాయి. వెనక బెంచీ వైపు చూస్తోంది. అక్కడ ఎవరూ లేరు. ఆమెని నడిపించుకుంటూ స్టాఫ్‌రూములోకి తీసుకొచ్చాను. నీళ్ళు తాగించి, ఏమిటమ్మా ఇది, వంట్లో బాగాలేదా అన్నాను. అప్పుడు చెప్పింది.

సాల్మన్ అని వాళ్ళ పేటలో ముఠా మేస్త్రి. కోతలు మొదలయ్యే ముందు ముఠా కట్టేవాడు. ఒక్కొక్క ఆడమనిషికీ ఒక చోటు. ఎవరైనా ఒకపూట రాలేకపోతే బదులు మనిషిని పంపాలి, పంపకపోతే ఆ కోతల కాలమంతా ఆ చోటు పోయినట్టే. తెల్లవారకముందే చర్చి ముందు ట్రక్కు ఆగితే సాల్మన్ చక్రం మీద కాలేసి నిలబడి పేర్లు పిలిచేవాడు. బదులు వచ్చిన మనిషి తన పేరు చెప్పకూడదు. ఎవరి చోట్లో వచ్చిందో ఆ పేరుకే ఆఁ అని పలకాలి. ఒక చోటుకి రెండు పేర్లయితే తన బుర్రలో నిలవవని ఆయన వాదన. ముఠాలో అందరికీ అది అలవాటే.

పదేళ్ళ పైమాట, అప్పటికి దేవకుమారి బీఈడీ పూర్తిచేసి ఆ ముఠాలో పనికి పోతుండేది. గుంటూరులో టీచరు పోస్టు పరీక్ష పడింది, ఉద్యోగం వచ్చాకే చెబుదామని తల్లికి కూడా ముఠాకనే చెప్పింది. చోటు పోతే తల్లీకూతుళ్ళకి గడవదు. పిన్ని కరుణమ్మ కూతురు మహిమ, సత్తెనపల్లిలో డిగ్రీ చదువుతోంది. భర్త పోయిన కరుణమ్మ తాను వేరే ముఠాతో ఎర్రటి ఎండలో కాయలు కోస్తూ, తన పిల్ల చెయ్యి మాత్రం మిరపచెట్టుకి తగలడానికి వీల్లేదని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆ సంగతి తెలిసీ దేవకుమారి మహిమని అడిగింది. ఒక్కపూటేగా అక్కా అని ఆ పిల్ల నవ్విందట. స్పెషల్ క్లాసుందని తల్లికి చెప్పి, పుస్తకాల సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. చర్చి మూల దేవకుమారి నీలం చొక్కా తొడుక్కుని, మొహానికి గుడ్డ చుట్టుకుని, దేవకుమారి పేరుకి పలికి ట్రక్కెక్కింది.

మంచులో కాలువ కట్ట మీద ట్రక్కు బోల్తాపడింది. కొందరు నీళ్ళలో, కొందరు ఇనుము కింద. సాల్మన్ కాలు విరిగి కట్ట మీద పడి ఉన్నాడు. సగం స్పృహలో మళ్ళీ పేర్లు పిలవడం మొదలుపెట్టాడట. పొలాల్లోంచి పరుగెత్తుకొచ్చిన వాళ్ళంతా ఆ పిలుపు విన్నారు. పలకగలిగిన వాళ్ళు ఎక్కడి వాళ్ళక్కడ ఆఁ అన్నారు. దేవకుమారీ అని పిలిస్తే ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పలకలేదు. ఒడ్డుకి తీసిన వాళ్ళలో నీలం చొక్కా కనపడనే కనపడింది. మగవాళ్ళు ఆస్పత్రికి వెళ్ళేలోపే పేటకి కబురొచ్చేసింది, దేవకుమారి పోయిందని.

దేవకుమారి తల్లిని కరుణమ్మే ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నీళ్ళు తాగించింది. మా మహిమ కాలేజీ నుంచి రానీ అక్కా, ఈ రాత్రి నుంచి నీ దగ్గరే పడుకోబెడతానంది. అలాగే ఓదారుస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక బస్సు దిగి దేవకుమారి పేటలోకి నడిచొచ్చింది. పరీక్ష బాగా రాశానన్న సంతోషంలో ఉంది, ఏమీ తెలియదు. ఆమెని చూసి జనం కేకలు పెట్టారు. తల్లి ఆమె మీద పడి ఏడ్చింది. స్తోత్రం స్తోత్రం అని ముసలాళ్ళు మోకాళ్ళూనారు. కరుణమ్మయితే నవ్వుతూ ఏడుస్తూ ఆమె మొహమంతా ముద్దులు పెట్టింది. ఆ సందడి మధ్య దేవకుమారికి సంగతి అర్థమై, ఒక్కమాట అడిగింది.

"మహిమ రాలేదా పిన్నీ?"

"ఆ మాట నా నోట్లోంచే వచ్చింది మేడమ్," అంది దేవకుమారి నాతో. "నేను బతికి రావడమే మా పిన్నికి చావు కబురు."

ఆ పరీక్షలోనే ఆమెకి ఉద్యోగం వచ్చింది. తల్లి రెండేళ్ళకే పోయింది. కరుణమ్మ ఇల్లు వాళ్ళ వీధిలోనే, నాలుగిళ్ళ అవతల. పదేళ్ళు దాటినా ఆ తర్వాత దేవకుమారితో ఒక్కమాట మాట్లాడలేదు. చర్చిలో ఎదురుపడితే గోడని చూసినట్టు చూస్తుంది. కోతల కాలం వస్తే దేవకుమారికి తెల్లవారుజామున ఎవరో తన పేరు పిలుస్తున్నట్టుంటుంది. తను నోరు తెరిచేలోపే ఇంకెవరో ఆఁ అంటారు.

ఇదంతా ఇప్పుడెందుకు బయటపడిందంటే, గుల్షన్ ఒక్కతే కారణం కాదు. పేటలో చర్చికి జయపాల్ గారని కొత్త పాస్టరొచ్చారు. ఆ ప్రమాదంలో పోయినవాళ్ళందరికీ సమాధుల తోటలో ఒకే రాయి నిలబెట్టాలని ఆయన పట్టుదల. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. తెలుగు పక్కన పేర్లు మాత్రమే. ఇంగ్లీషు పక్కన పేర్ల పైన, వీళ్ళు ఎవరో చెప్పే వాక్యం ఒకటి ఉండాలి. అది రాయమని దేవకుమారికి చెప్పారు.

అక్కడ మొదలైంది తంటా. గ్యాంగ్ అని రాద్దామంటే దొంగల ముఠా అనుకుంటారమ్మా అని పాస్టరు చెవులు మూసుకున్నారు. గ్రూపు అని రాయమన్నారాయన. అది బస్టాపులో నిలబడ్డ వాళ్ళకీ సరిపోతుందని దేవకుమారికి మనసొప్పలేదు. పోయిన మిగతావాళ్ళ ఇళ్ళవాళ్ళు, మావాళ్ళు పనికి పోతూ పోయారు, పనిమాట లేకుండా రాస్తే ఒప్పుకోమన్నారు. కరుణమ్మ సంగతి వేరు. కబురు పంపింది, ఎవరితో అంటే చర్చి గంట కొట్టే ఆదాంతో: నా పిల్ల కాలేజీ పిల్ల, కూలీ కాదు, కూలీల కింద దాని పేరు చెక్కిస్తే రాయి పగలగొడతా, చెక్కించకపోయినా పగలగొడతా అని. జ్ఞాపకార్థ కూటం దగ్గరపడుతోంది. ఆలోపు తేలకపోతే మహిమ పేరు వదిలేసి మిగతావి చెక్కించేస్తానని పాస్టరు తేల్చి చెప్పారు.

కూలీలకీ కాలేజీ పిల్లకీ కలిపి ఒక మాట. దాని కోసం దేవకుమారి తిండీ నిద్రా మానేసింది. ఖాళీ పీరియడ్‌లో గొణుక్కునేది. బ్యాచ్, బ్యాండ్, పార్టీ, కంపెనీ, క్రూ. ఒక్కొక్కటీ అని చూసి, తల అడ్డంగా ఊపి వదిలేసేది. ఆడవాళ్ళు అని రాసి పారేయవే అన్నాను నేను. పని ఎక్కడుంది మేడమ్ అందులో, అంది. వారం గడిచింది. అన్నం ముద్ద చేతిలోనే ఉండగా క్రూ అంటే పడవ వాళ్ళు కదూ అని నన్నడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కరుణమ్మకి ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. నువ్వు ఏ మాట రాస్తే ఆవిడకేమిటి? మాట కోసం కాదు నువ్వు వెతుకుతోంది, ఆవిడ గడప ఎక్కకుండా ఉండటానికి. వెళ్ళి అడుగు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె ముద్ద గిన్నెలో పెట్టేసి, మీరు తోడు వస్తారా మేడమ్ అంది. నేను ఇరుక్కుపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాం. కరుణమ్మ వరండాలో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకి నాకు దగ్గు, కళ్ళలో నీళ్ళు. ఆవిడకి చీమకుట్టినట్టయినా లేదు. తల పైకెత్తలేదు. దేవకుమారి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను గుమ్మం పక్కన స్టూలు మీద.

వాకిట్లో తీగ మీద ఒక చుడీదార్ ఆరేసి ఉంది. ఉతికి ఉతికి రంగు వెలిసింది. ఊరుకోవచ్చుగా నేను? నోరు ఊరుకోదు కదా, ఎవరిదమ్మా అని అడిగాను. మా మహిమది, రేపు కాలేజీకి కావాలంది ఆవిడ, మామూలుగా. దేవకుమారి వైపు చూశాను. ఆమెకి ఇది తెలిసినట్టే ఉంది.

దేవకుమారి చెప్పడం మొదలుపెట్టింది. క్లాసులో చెప్పినంత ఓపికగా, ఒక్కొక్క మాటా. గ్యాంగ్ అంటే ఇది పిన్నీ, మేస్త్రి కింద పనిచేసేవాళ్ళు. గ్రూపంటే ఊరికే ఒకచోట ఉన్నవాళ్ళు. బ్యాచ్ అంటే ఒక విడతగా కలిసి వెళ్ళినవాళ్ళు, తర్వాత ఇంకో విడత ఉంటుంది. టీమ్ అంటే ఎవరి చోటు వాళ్ళకున్నవాళ్ళు. ఏది రాయమంటావు, నువ్వు చెప్పిందే రాయిస్తాను. తొడిమలు టిక్ టిక్‌మని తెగుతూనే ఉన్నాయి. చెప్పడం అయిపోయింది. పదేళ్ళ తర్వాత ఆవిడ మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"ఆ పొద్దు సాల్మన్ ఏ పేరు పిలిచాడే?"

దేవకుమారి నేల మీది తొడిమలు ఏరసాగింది.

"అడుగుతుంటే చెప్పవేం?"

"నా పేరు."

"అది దేనికి పలికింది?"

"నా పేరుకే పిన్నీ."

"అయితే ఆ పేరే చెక్కించు. ట్రక్కెక్కింది దేవకుమారి. కాలవలో పోయింది దేవకుమారి. పేటంతా ఏడిసింది ఆ పేరు పెట్టే. నా పిల్ల కాలేజీకని చెప్పి పోయింది. అది నాకెప్పుడూ అబద్ధం చెప్పదు."

నేను ఆగలేకపోయాను. బతికున్న మనిషి పేరు సమాధి రాయి మీద చెక్కిస్తారా, ఏం మాటలమ్మా అవి, నీకు దేవుడి భయం లేదా అని లేచాను. దేవకుమారి నా చెయ్యి పట్టుకుని నొక్కింది. అలాగే పిన్నీ అంది ఆవిడతో. కరుణమ్మ మళ్ళీ కాయ చేతిలోకి తీసుకుంది.

దారి పొడుగునా తిట్టాను. నీకు మతిపోయిందా, పాపం చేశానని నీకు నువ్వే సమాధి కట్టుకుంటావా, ఆవిడకి మతి చెదిరితే వైద్యం చేయించాలి గానీ వంతపాడతావా అని. ఆమెకి కోపం రాలేదు. చాలా రోజుల తర్వాత ఆమె మొహం తేటగా ఉంది. అది చూసే నాకు భయం వేసింది.

"మాట దొరికింది మేడమ్. టీమ్. అక్కడ పోయింది ఎవరి చోటు వాళ్ళకున్న మనుషులు. ఆ చోటు నాది. పేరూ నాదే రాయాలి," అంది. "ఇప్పుడు కూలీ అని రాసినా పిన్ని ఏమీ అనదు."

పాస్టరు గారు మొదట వల్లకాదన్నారు. సంఘ పెద్దల్ని పిలిపించారు. సాల్మన్ కర్ర పొడుచుకుంటూ వచ్చి, నేను పిలిచింది ఆ పేరే, పలికిందీ ఆ పేరుకే, నేను సాక్ష్యం చెబుతా అని కూర్చున్నాడు. కరుణమ్మ రాయి పగలగొడుతుందన్న భయం ఉండనే ఉంది. ఆఖరికి మీ ఇష్టం, దేవుడు చూసుకుంటాడని పాస్టరు చేతులెత్తేశారు. రాయి చెక్కే నాగూర్ వలి మాత్రం పేర్లు రాసిచ్చిన దేవకుమారిని పైకీ కిందకీ చూసి, ఈ పేరు మీ ఇంటిపేరుతో సహా మీదేనా మేడమ్ అని అడిగాడట. నాదేనందట.

జ్ఞాపకార్థ కూటానికి నేనూ వెళ్ళాను. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు. పైన ఇంగ్లీషులో మిరపకోత ఆడవాళ్ళ టీమ్ అని ఉంది. కింద పేర్లు. వాటి మధ్యలో దేవకుమారి. ఆ పేరున్న మనిషి తెల్లచీరలో నా పక్కనే నిలబడి పాట పాడుతోంది. పేట జనం ఆమెని తాకకుండా తప్పుకుని నడుస్తున్నారు. నాకు ఎప్పుడు ఇంటికెళదామా అని ఉంది.

ప్రార్థన అయ్యింది, జనం పలచబడ్డారు. అప్పుడు కరుణమ్మ రాయి దగ్గరికి వచ్చింది. చదవడం రాదు కనక, ఆ పేరేదో చూపించమని సాల్మన్‌ని అడిగింది. ఆయన కర్రతో చూపించాడు. అరచెయ్యి దాని మీద ఆనించి కాసేపుంచింది. ఏడవలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"మహిమా, ఎండెక్కుతోంది. అన్నం తిందువు రా."

నేను వెనక్కి తిరిగి చూశాను. సమాధులు తప్ప ఎవరూ లేరు. పక్కకి చూసేసరికి దేవకుమారి చెప్పులు వేసుకుంటోంది. వద్దని చెయ్యి పట్టుకున్నాను, గట్టిగానే పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుంది.

"వస్తున్నానమ్మా," అంటూ ఆవిడ వెనకే వెళ్ళిపోయింది.